గంట సారు

"టీచరమ్మా, మీ గంట సారు పోయిండట గదా!"

ఈ కబురు నాకు స్టేషన్ ఘన్‌పూర్ ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే ఆయన నోట తెలిసింది. బడి వదిలాక నేను ఇంటికి పోయే పాసింజరు కోసం నిలబడి ఉన్నాను. వరంగల్ వైపు నుంచి వచ్చిన బండిలో ఎవరో మోసుకొచ్చిన మాట అది. పోయినవారు మా పెద్దబాపు, మా నాన్నకు అన్న. నిజం చెప్పాలంటే ఆ నిమిషాన నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆయన జుట్టు నెరిసేదాకా హనుమకొండలో కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పారు. ఫిజిక్స్ సారు అనవచ్చు. సుబేదారి సారు అనవచ్చు. చచ్చిపోయాక కూడా గంట సారేనా?

టీ ఆయన తప్పేం లేదు. ఆయన ఎంతో మర్యాదగానే అన్నాడు, నా దగ్గర టీ పైసలు కూడా తీసుకోలేదు. ఆ పేరు ఎగతాళికి పుట్టిందని ఆయనకు తెలియదు. ఊరు పెట్టిన వెక్కిరింపు పాతబడితే ఇంటిపేరులా అతుక్కుపోతుంది. ఎలా పుట్టిందో తెలిసినవాళ్ళు చాలామంది ఇంకా బతికే ఉన్నారు, ఆదివారం ఆదివారం గుడిలో, అంటే మా చర్చిలో, నా పక్క వరుసలోనే కూర్చుంటారు. వాళ్ళు మరిచిపోయారు. నేను మరిచిపోలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

మా పెద్దబాపు సంగీతకారుడు. ఈ మాట రాస్తుంటే నాకే కొంచెం నవ్వొస్తోంది, ఎందుకంటే ఆయనకు ఒక్క పాట వాయించడం రాదు. ఆయన కరెంటుతో సంగీతం చేసేవారు. సుబేదారిలో మా ఇంటి ముందుగది నిండా పొట్టలు చీల్చిన రేడియోలు, మిలిటరీ వాళ్ళు పారేస్తే సంతలో కొన్న మీటర్లు, గాజు వాల్వులు, స్పూలు తిరిగే పెద్ద టేప్‌రికార్డరు. గుండీలు తిప్పితే వాటిలోంచి మూలుగులు, ఈలలు, గొంతు లేని ఏడుపులు వచ్చేవి. రాగం ఉండదు, తాళం ఉండదు. నేను పుట్టకముందు నుంచి ఆయనది ఇదే పని. వయసులో ఉన్నప్పుడు ఒకసారి రేడియోలో ఏదో విదేశీ స్టేషన్ పెడితే ఇలాంటి చప్పుళ్ళే వచ్చాయట. చివర్లో వాళ్ళు ఇప్పటిదాకా మీరు విన్నది సంగీతం అని చెప్పారట. ఆ ముచ్చట అడిగిన ప్రతివాళ్ళకూ ఆయన ఒకే మాటతో ముగించేవారు.

"స్టేషన్ చెడిపోయిందనుకున్న బిడ్డా. చెడిపోయింది నేను."

ఆయనతో బజారుకు పోవడమంత తలవంపులు ఇంకోటి లేదు. గిన్నెల దుకాణంలో ప్రతి గిన్నెనూ గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవారు. "నీళ్ళు పోసుకునేటందుకా, పాట పాడిచ్చేటందుకా సార్?" అని దుకాణదారు అడిగితే, "నీళ్ళు ఏ గిన్నెల పోసినా తాగొచ్చు" అనేవారు. చివరికి అడుగు సొట్టపడ్డ గిన్నె ఏరుకొచ్చేవారు, దాని గొంతు బాగుందని. పెద్దమ్మ దాన్ని పొయ్యి మీద పెడితే ఒక పక్కకు ఒరిగేది. "ఆయన చెవులు దేవుడిచ్చినయి గావు బిడ్డా, హైద్రాబాదుల సెకండ్‌హ్యాండుకు కొన్నయి" అని ఆమె ఆ ఒరిగిన గిన్నెలోనే పప్పు ఉడకబెట్టేది.

ఒక్కసారి, కాలేజీ వార్షికోత్సవంలో, ఆయన తన పెట్టెలు తీసుకెళ్ళి స్టేజి మీద పెట్టారు. మొదలుపెట్టీ పెట్టగానే మైకుసెట్టు ఆయన పరుగెత్తుకొచ్చాడు. "మైకు కూస్తాంది సార్, జర ఆగుండ్రి" అని వాల్యూం తగ్గించాడు. పెద్దబాపు పెంచారు. ఆయన మళ్ళీ తగ్గించాడు. చివరికి అసలు తీగే ఊడబీకి, జనం వైపు తిరిగి, "ఇగ మంచిగైంది" అన్నాడు. హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. ఆయన బతుకంతటిలో ఆయన కచేరీకి పడిన చప్పట్లు అవే.

పోయినవాళ్ళను గురించి రాసేటప్పుడు మంచే రాయాలంటారు. నేను రాయను. ఆయన నోరు కూడా మంచిది కాదు. పెద్దమ్మ పెళ్ళయి వచ్చిన కొత్తలో గుడిలో పాటలు పాడే గుంపులో ముందు నిలబడేదట. ఒక ఆదివారం పూజ అయ్యాక, చుట్టాలందరి ముందర ఈయన, "నీ సుతి దిగుతాంది. గుడి గుడంత నీ ఎంబడి దిగుతాంది" అన్నారట. ఆ తర్వాత ఆమె పాడలేదు. పాటల పుస్తకం పట్టుకుని పెదవులు కదిపేది, అంతే. నాకు ఊహ తెలిశాక ఆమె గొంతెత్తడం ఒక్కసారీ వినలేదు. ఈ ఒక్క విషయంలో పెద్దబాపును నేను ఇప్పటికీ క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు.

ఇక ఆ సంవత్సరం. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు. దానికి ముందరి క్రిస్మస్‌కు మా గుడి గంట పగిలింది. యువకులు ఉత్సాహం కొద్దీ తాడుకు వేలాడి మోగించారు. తెల్లారి పూజకు కొడితే పగిలిన కుండలా డొల్లగా పలికింది. కొత్త గంట పోతపోయించి తేవాలంటే మళ్ళీ క్రిస్మస్ దాకా పడుతుందన్నారు. అప్పటి మా ఫాదరు గుంటూరు వైపు నుంచి వచ్చినవారు. బహు నెమ్మది మనిషి. ఆయన ఒకరోజు పూజ అయ్యాక పెద్దబాపును పిలిచి, "మాస్టారూ, మీరేదో కరెంటుతో శబ్దాలు చేస్తారంట గదా. కొత్త గంట వచ్చేదాకా మాకో గంట చేసిపెట్టకూడదూ?" అని అడిగారు.

అంత వయసొచ్చాక మొదటిసారి ఒక మనిషి ఆయన్ను చప్పుడు చేయమని అడిగాడు. అంతకుముందు అందరూ ఆపమన్నవాళ్ళే. ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా వాకిట్లో నిలబడిపోయారు.

"ఏందట?" అంది పెద్దమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ.

"గంట కావాల్నట."

"ఎవలకు?"

"ఊరందరికి" అన్నారాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం నేను చూశాను. తరువాత ఎంత జరిగినా ఆ మొహాన్ని నేను మరిచిపోలేదు.

ఫాదరు మనసులో ఉన్నది చిన్న సంగతే. ఎక్కడో ఏదో గంటను టేపు మీద ఎక్కించి తెచ్చి మైకు హారన్‌లో వినిపిస్తే చాలు. పెద్దబాపు వినలేదు. ఇదివరకు ఏ గుడిలోనూ లేని గంట చేస్తానన్నారు. తపస్కాలమంతా, అంటే ఈస్టరుకు ముందరి ఆ నలభై రోజులూ, ఆ గదిలోనే. మేము మాంసం మానేశాం, ఆయన అన్నమే మానేసినంత పని చేశారు. మీట నొక్కితే దెబ్బ పడుతుంది, అది అందరికీ చేతనవును. ఆయన తిప్పలన్నీ దెబ్బ తరువాత వచ్చే దాని కోసం. దాన్ని ఆయన తోక అనేవారు. ఆ తోకలో చిన్న చిన్న గొంతులు విడిపోయి, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, మెల్లగా కిందికి దిగి, ఇంకా ఉందో లేదో తెలియనంతగా సన్నబడి ఆగిపోవాలి. అది నిదానంగా ఒక పరలోక జపం చెప్పుకున్నంత సేపు, అర నిమిషం పైనే, పట్టేది.

"కొట్టుడు గంట గాదు బిడ్డా. కొట్టుడు ఆపినంక మిగిలేది గంట" అనేవారు. నన్ను కూర్చోబెట్టి వినిపించి, మధ్యలో నేను నోరు తెరిస్తే మణికట్టు పట్టుకుని, "ఆగు, ఇంక అయిపోలే" అనేవారు. ఆయనకు కావలసింది ఒకటే. పేరు కాదు, పొగడ్త కాదు. ఆ తోక అయిపోయేదాకా ఊరు ఒక్కసారి ఆగి వినాలి.

పాస్కా పండుగ, అదే ఈస్టరు, పొద్దుటి పూజకు దాన్ని మొదటిసారి మోగించాలని ఆయన ఆశ. పవిత్ర గురువారం నుంచి గుళ్ళో గంట కొట్టరు, కొయ్య గిలక ఆడిస్తారు. అన్ని రోజులు మూగగా ఉన్న గుడిలో క్రీస్తు లేచాడని మొదట చెప్పేది తన గంట కావాలి. కాని ఆ పండుగకు ముందరి వారమే, మట్టల ఆదివారం మరునాడే, మా గుడిలో పెద్దామె ఒకరు చనిపోయారు. చావు గంట కొట్టాలి. పగిలిన గంట పనికిరాదు. ఉపదేశి, అంటే ఫాదరు తరువాత గుడి వ్యవహారాలన్నీ చూసే పెద్దమనిషి, మా ఇంటికొచ్చాడు.

"ఇయ్య" అన్నారు పెద్దబాపు. "గిది సావుకు చేసింది గాదు."

"గంటకు సావేంది, పెండ్లేంది సార్? మోగుడే గదా దాని పని."

ఫాదరు కూడా నచ్చజెప్పారు. పెట్టెలు గుడికి చేరాయి, బురుజు మీదికి హారన్ ఎక్కింది. చావు గంట ఒక్కో దెబ్బా ఎడమెడంగా కొడతారు. ఉపదేశి మీట నొక్కాడు. నిజంగా చెబుతున్నాను, ఆ మొదటి చప్పుడుకు నా ఒళ్ళు జలదరించింది. అంత బాగుంది. తోక సగం దిగేసరికి ఉపదేశి స్విచ్చి ఆర్పేశాడు. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ సగంలో ఆర్పాడు. పెద్దబాపు ముందుకొచ్చి చెయ్యి పట్టుకుంటే, జనం అందరికీ వినబడేలా అన్నాడు:

"ఏం జేయాలె సార్? మీ గంటకు గంట వడుతాంది. శవం ఎండల ఉన్నది."

శవం ముందర జనం నవ్వారు. చనిపోయినామె కొడుకు కూడా కండువా అడ్డం పెట్టుకుని నవ్వాడు. పేరు ఆ రోజే పుట్టింది.

పాస్కా నాడు మోగింది, నిజమే. కాని అప్పటికే ఊరి చెవిలో అది చావు చప్పుడయిపోయింది. కొత్త చీరలు కట్టుకొచ్చిన ఆడవాళ్ళు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "పండుగపూట గిదేం సప్పుడమ్మా" అని ఒకావిడ చంటిదాని చెవులు మూసింది. ఉపదేశి ఆ రోజు కూడా సగంలోనే ఆర్పాడు.

ఆ పైన ఎండాకాలం వచ్చింది. వరంగల్ ఎండలకు ప్రతి ఏడూ ముసలివాళ్ళు రాలిపోతారు. ఆ ఏడూ రాలిపోయారు. తేడా ఏమిటంటే, ఆ ఏడు ప్రతి చావు వెనకాలా ఈ చప్పుడు ఉంది. ఇంకేం కావాలి? గంట వచ్చినంకనే మనుషులు పోతాండ్రన్నారు. గుడికి వచ్చే మాకే కాదు, రాని వాళ్ళకూ అదే భయం. హసన్‌పర్తి నుంచి కూరగాయలు తెచ్చే ఆమె ఒకరోజు మా గడప ముందు గంప దించి, పెద్దమ్మ చేతులు పట్టుకుంది.

"అమ్మా, గా సప్పుడు ఆపుమని మీ సారుకు చెప్పరాదు. మా ఇంటాయన అక్కకు సుస్తీ చేసిందని ఈడికొచ్చి, ఆయనే మంచం వట్టిండు. అది ఇనవడంగనే దుప్పటి మొత్తం కప్పుకుంటాండు. నా కోసమే వచ్చిందంటాండు."

పెద్దబాపు గదిలోంచి బయటికొచ్చారు. "నీ మొగడు సస్తే రోగంతోని సస్తడు. నా గంటతోని గాదు" అన్నారు.

ఆమె గంప నెత్తిన పెట్టుకుని ఏడుస్తూ పోయింది. మళ్ళీ మా వీధికి రాలేదు. ఆ పూట పెద్దమ్మ ఆయనకు అన్నం వడ్డించింది కాని, రోజూలా పక్కన కూర్చోలేదు. ఆయన ఒక్కరే తిని కంచం కడుక్కున్నారు.

ఒక పొద్దున చూస్తే హారన్ నోట్లో ఎవరో పేడ, మట్టి కలిపి కూరి పెట్టారు. ఎవరో తెలియదు. బురుజు తాళం ఉన్నవాళ్ళే అయి ఉంటారు. పెద్దబాపు హారన్ దింపించుకుని మా వాకిట్లో పుల్లతో గీకి గీకి కడిగారు. పెద్దమ్మ బిందెతో నీళ్ళు పోసింది. ఆ వారమే గుడి పెద్దలు కూర్చుని, ఆ గంట ఇక వద్దని పెట్టెలు తిప్పి పంపారు. దాని బదులు ఏం పెట్టారనుకున్నారు? రైలు పట్టా ముక్క. బళ్ళో వేలాడదీస్తారే, అది. త్రికాల జపానికి ఉపదేశి దాన్ని సుత్తితో టంగు టంగున కొడితే, "గిది నయం" అనుకున్నారు జనం. పెద్దబాపు వాకిట్లో కూర్చుని వింటూ, "ఇనుప ముక్కకున్న ఇజ్జత్ నాకు లేకపాయె" అన్నారు. అని, చేతిలో ఉన్న హారన్‌ను తువ్వాలతో తుడుస్తూనే ఉన్నారు.

వానలు పడ్డాక పెద్దమ్మకు జబ్బు చేసింది. కడుపు ఉబ్బింది, కళ్ళు పచ్చబడ్డాయి. దవాఖానలో కొన్నాళ్ళు ఉంచుకుని ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అలా ఎందుకంటారో ఆమెకు తెలుసు, మాకూ తెలుసు. ఒకరోజు నేను తల దువ్వుతుంటే ఆయన్ను పిలిచింది.

"ఇగో, ఇనుండ్రి. నాకు మీ గంటనే కొట్టియ్యాలె."

"ఊకో."

"ఊకునేదేంది? ఇన్నేండ్లు నేనొక్కదాన్నే ఇన్న. గా దినమన్న అందరు ఇననీయుండ్రి." అని నా వైపు తిరిగి కన్ను కొట్టింది. "మొత్తం ఇననీయుండ్రి. మధ్యల ఎవరన్న బందు చేస్తే లేచి కూసుంట."

ఆయన నవ్వలేదు. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, వాచిన పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఒత్తుతూ, "సరే" అన్నారు. తన పాట ఆపించిన మనిషి చప్పుడు తన చావుకు మోగాలని ఆమె అడిగింది. ప్రేమ అంటే ఏమిటో నాకు అర్థమైందని అనను. నాకు ఆ రోజు ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఇద్దరి కోసమూ ఏడుపొచ్చింది.

నవంబరులో ఆమె పోయింది. మేం ఆడవాళ్ళం లోపల స్నానం చేయించి, చీర కట్టి, చేతుల మధ్య జపమాల పెట్టాం. ముందు అరుగు మీద ఫాదరు వచ్చి కూర్చున్నారు. గుడికి బయల్దేరదామనుకునేంతలో ఎవరో లోపలికొచ్చి, "ఇంకొక గంట ఆగాల్నట. సారు అడిగిండట, ఫాదరు సరే అన్నడట" అని చెప్పారు. ఎవరో దూరం చుట్టాలు రావాలేమో అనుకున్నాం. కాజీపేటలో దిగేవాళ్ళున్నారేమో అనుకున్నాం.

ఆగాం. శవాన్ని అరుగు మీదికి తెచ్చి పడుకోబెట్టాం. పెద్దబాపు ఆమె తల దగ్గర కూర్చున్నారు. ఎవరూ రాలేదు. "ఎవలు రావాలె సార్?" అని ఒకరి తరువాత ఒకరు వచ్చి అడిగారు. ఆయన తల అడ్డంగా ఊపారు. పూలు వాడాయి. ఈగలు తోలడానికి నేను తువ్వాల ఊపుతూ ఉన్నాను. జపాలు చెప్పీ చెప్పీ ఆడవాళ్ళు అలసిపోయి ఊరుకున్నారు. పక్కింటి కుళాయి కారడం కూడా వినబడేంత నిశ్శబ్దం. అంత నిశ్శబ్దంలో అంతమంది ఒకచోట కూర్చోవడం నేను మళ్ళీ చూడలేదు. ఆయన గంటకు కావలసిన నిశ్శబ్దం అదే.

చివరికి ఫాదరు చేతి గడియారం చూసుకుని, వంగి, ఆయన భుజం మీద మెత్తగా చెయ్యి వేసి అడిగారు.

"బయల్దేరదామా మాస్టారూ? గంట అయింది."

"అయింది" అని పెద్దబాపు లేచారు.

గుడి దగ్గర ఆమెకు రైలు పట్టా ముక్క కొట్టారు.

మూడోనాటి జపాలు కూడా అయి, చుట్టాలు వెళ్ళిపోయాక, టీ ఇస్తుంటే ఆయన నాతో అన్నారు.

"గంట అడిగిన బిడ్డా. గంట ఇచ్చిండు."

నాకు ముందు అర్థం కాలేదు. తరువాత ఆయనే విడమరిచి చెప్పారు. 'ఆమెకొక్క గంట ఇయ్యండి ఫాదర్' అన్నారట ఈయన. 'ఒక గంటేంటి మాస్టారూ, కావాలంటే రెండు గంటలు ఆగుదాం. మాకేం తొందర?' అన్నారట ఆయన, కళ్ళనీళ్ళు పెట్టుకుని.

"మరి చెప్పకపోయినవా పెద్దబాపు? అది గాదు ఫాదర్, మోగే గంట అని?"

"అంత ప్రేమగ ఇచ్చినంక ఇంకేం అడుగుత?" అని ఆయన నవ్వారు. టీ పొలమారేదాకా నవ్వారు. అంత ఘోరమైన నవ్వు నేనెప్పుడూ వినలేదు. చెయ్యెత్తి కొట్టినవాళ్ళను తిట్టవచ్చు. ప్రేమతో కొట్టినవాళ్ళను ఏమని తిట్టాలి? ఫాదరుకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్ళకు బదిలీ మీద వెళ్ళిపోతూ, "మాస్టారికి కష్టకాలంలో మేం చేసిందేముంది, ఓ గంట ఆగడం తప్ప" అని వీడ్కోలు సభలో చెప్పారు. పెద్దబాపు ముందు వరుసలో కూర్చుని తల ఊపారు.

క్రిస్మస్‌కు కొత్త గంట వచ్చింది. మంచి కంచు గంట. పూలదండలు వేసి, దీవించి, పైకెక్కించి మోగిస్తే ఊరంతా చప్పట్లు. అందరి చూపులూ ఆయన మీదే. ఎవరో ఉండబట్టలేక, "ఎట్లున్నది సార్?" అని అడిగారు.

"మంచిగున్నది. చెవుల్లేనోళ్ళకు గూడ ఇనవడుతది" అన్నారు.

అలా గడిచింది ఆ ఏడు. తరువాత ఆయన ఇంకా చాలా ఏళ్ళు బతికారు. ఆ గంటను మళ్ళీ ఎవరికీ వినిపించలేదు, అలాగని వదిలేయనూ లేదు. వాల్వు పోతే వాల్వు మార్చేవారు, తోక చివర ఏదో గరగర వస్తోందని నెలలు నెలలు కూర్చునేవారు. ఎవరి కోసమని నేను అడగలేదు. నాతో చేదుగా మాట్లాడిన రోజులే ఎక్కువ. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని చుట్టాలు నన్ను సతాయిస్తే, "ఆమె సుతి ఆమెకున్నది, మీ పని మీరు చూసుకోండ్రి" అని ఒకసారి నా పక్షాన అరిచారు. ఆ ఒక్క మాట మీద నేను చాలా ఏళ్ళు నిలబడ్డాను. బడిలో ప్రశ్న అడిగాక పిల్ల తడబడి ఆగిపోతే, నేను వెంటనే ఇంకొకరిని లేపను. ఇంక అయిపోలేదని నాకు తెలుసు. ఆగుతాను. చాలాసార్లు ఆ ఆగిన తరువాతే జవాబు వస్తుంది. ఇది నాకు ట్రైనింగు కాలేజీలో ఎవరూ చెప్పలేదు, ఆ నోటి దురుసు మనిషి మణికట్టు పట్టుకుని నేర్పారు. అందుకు ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

ఆ రోజు నేను బడికి పోయాక, పగటి నిద్రలోనే ఆయన పోయారు. మరునాడు మట్టి చేశాం. కంచు గంట కొట్టారు, ఎంత కొట్టారంటే కాజీపేట దాకా వినబడేంత. ఉపదేశి ఇప్పుడు ముసలివాడయ్యాడు. తాడు తనే పట్టుకుంటానని పట్టుబట్టాడట. సమాధుల దగ్గర నా చేతులు రెండూ పట్టుకుని భోరున ఏడ్చాడు.

"సారుకు ఏం లోటు చెయ్యలే బిడ్డా. చేతులు గుంజేదాక కొట్టిన. గంట సారుకు గంట తక్కువ చేస్తమా?"

ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. చేతులు విడిపించుకుని, అందరికంటే ముందు ఇంటికొచ్చేశాను.

ముందుగది తలుపు తీశాను. ఎప్పుడో గుడి మీంచి దింపించుకొచ్చిన హారన్‌ను కిటికీ చువ్వలకు ఆనించి వీధి వైపు పెట్టాను. ఏ తీగ ఎక్కడ కలపాలో నాకు తెలుసు. స్విచ్చి వేసి, వాల్వులు ఎర్రబడేదాకా నిలబడ్డాను. మట్టి వేసి వచ్చేవాళ్ళు అప్పుడే గుంపులు గుంపులుగా మా వీధిలోంచి పోతున్నారు. బీడీలు ముట్టించుకుంటున్నారు, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయని అడుగుతున్నారు. ఎవరో ఏదో అంటే నవ్వుతున్నారు.

మీట నొక్కాను.

ఆ దెబ్బకు వీధి మొత్తం ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. ఇన్నేళ్ళయినా ఆ చప్పుడును ఎవరూ మరిచిపోలేదు. మగవాళ్ళు నెత్తి మీది తువ్వాలలు తీశారు. బీడీ వెలిగించబోయినాయన పుల్లను ఆర్పేశాడు. మా కిటికీకి దగ్గరగా నడుస్తున్న ఒక ముసలామె గోడ పట్టుకుని పైకి చూసింది.

"ఇంకెవలు పోయిన్రు బిడ్డా?"

తోక అప్పుడే మొదలైంది. చిన్న గొంతులు విడిపోయి ఒకదాని చుట్టూ ఒకటి తిరగడం మొదలుపెట్టాయి. ఒక్కరు కదలలేదు. అది మోగుతుండగా అడుగు తీసి అడుగు వేస్తే చావు తమ వెంట వస్తుందని వాళ్ళ భయం. ఆయన బతికుండగా ఎవరూ ఇవ్వనిది వాళ్ళు ఇప్పుడు భయంతో ఇస్తున్నారు. భయంతోనే, కాని వింటున్నారు. ఎంత సన్నబడినా ఇంకా వింటున్నారు. ముసలామె సిలువ గుర్తు వేసుకోబోయి చెయ్యి నుదుటి దాకా ఎత్తింది. ఆ చెయ్యి కిందికి దించకుండా, నోరు కొంచెం తెరుచుకుని, చప్పుడు ఎప్పుడు అయిపోతుందా అని అలాగే నిలబడి ఉంది.